పది రోజుల నిశ్శబ్దమే కూలి

పిల్లి మీద మనకున్నన్ని సామెతలు మరే జంతువు మీదా లేవేమో. కళ్ళు మూసుకుని పాలు తాగేది పిల్లి, పెళ్ళికి వెళ్తూ చంకన పెట్టుకునేది పిల్లి, మెడలో గంట కట్టేవాడు దొరకనిది పిల్లి. ఇన్ని చెప్పిన పెద్దలు, ఊరెళ్ళాల్సి వస్తే ఆ పిల్లిని ఎవరికి అప్పజెప్పాలో మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా పోయారు. వాళ్ళు చెప్పకపోయిన ఆ ఒక్క ముక్క కోసం మిషనమ్మ ఓ వారమంతా మేడమెట్లు ఎక్కింది, దిగింది.

మిషనమ్మ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మూడంతస్తుల పాత మేడలో రెండో అంతస్తు, వీధివైపు వాటా. కిటికీ కింద కాలితో తొక్కే కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, ఆ పక్కన ముక్కల బుట్ట. కొత్త బట్టలు కుట్టదు. పొడవైతే తగ్గిస్తుంది, బిగుతైతే వదులు చేస్తుంది, జిప్పు పోతే కొత్తది వేస్తుంది. ఒళ్ళు పెరిగేవాళ్ళూ తగ్గేవాళ్ళూ ఉన్నంతకాలం తన తిండికి లోటు లేదని నవ్వుతుంది. పని శుభ్రం, మాట పొదుపు. ఎవరేమడిగినా ముందు నోట్లోంచి వచ్చేది 'చూద్దాంలే'. రేపటికి ప్యాంటు కావాలన్నా చూద్దాంలే, మాతో సినిమాకు రమ్మన్నా చూద్దాంలే. ప్యాంటు రేపటికి తయారయ్యేది. సినిమాకు మాత్రం ఏనాడూ వెళ్ళింది లేదు.

వెళ్ళకపోవడానికి కారణం ఒకటే, దాని పేరు బొత్తాం. ఒళ్ళంతా నలుపు, గొంతు కింద బొత్తామంత తెల్లమచ్చ. చాలా ఏళ్ళ కిందట ఓ వానరోజు ముక్కల బుట్టలో దొరికింది. తల్లి వదిలేసిందో, తప్పిపోయి వచ్చిందో, పిడికెడు ప్రాణం. మనిషి కంటపడితే చాలు వణికిపోయేది. గిన్నె ముందు పెట్టి ఎంత బతిమాలినా మూతి పెట్టేది కాదు. ఎంతసేపని బతిమాలుతుంది, పని ఉన్న మనిషి! గిన్నెను మిషను కిందికి, పెడలు పక్కకు తోసేసి తన కుట్టు తాను కుట్టుకుంది. కాసేపటికి వంగి చూస్తే గిన్నె ఖాళీ. అప్పట్నుంచీ గిన్నె చోటు అదే. పొద్దున పని మొదలుపెడుతూ ఒకసారి, సాయంత్రం ఒకసారి, చేప ముక్కలు కలిపిన అన్నం అక్కడ పెడుతుంది, పనిలో పడుతుంది, బొత్తాం తింటుంది.

ఆమె లేకపోతే తినదు. అదీ గొడవ. ఒకటి రెండుసార్లు పొరుగువాళ్ళకు అప్పజెప్పి ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది, పిల్లి మంచం కింద చిక్కి సగమై ఉంది. ఒకసారి బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది. ఆ బస్సులోని జనం ఆమెను ఈపాటికి మరిచిపోయి ఉంటారనుకుంటే పొరపాటే. ఇక అప్పట్నుంచీ ప్రయాణాలు మానేసింది. ఎవరైనా ఎందుకు రావని అడిగితే, "దానికి నేనంటే ప్రాణం. నేను లేకపోతే ముద్ద ముట్టదు" అనేది. మనలో మాట, ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో విసుగు కంటే గర్వమే ఎక్కువగా వినిపించేది. ఈ లోకంలో మనం లేకపోతే ముద్ద ముట్టనివాళ్ళు ఒకరుండడం తక్కువ సంగతేం కాదు కదా. మొగుడూ పిల్లలూ లేని మనిషికి మరీను.

కానీ ఆ గర్వానికీ ఓ ధర ఉంది. దాన్ని చెల్లించింది అక్క.

తల్లి పోయాక మిషనమ్మను పెంచింది అక్కే. జడ వేసింది, బడికి పంపింది, మిషను నేర్పింది. ఇప్పుడు ఆమె తొక్కుతున్న మిషను కూడా అక్క కొనిపెట్టిందే. అలాంటి అక్క భర్త పోయినప్పుడు, అదీ పిల్లాజెల్లా లేని ఇంట్లో, మిషనమ్మ రెండు రోజులుండి మూడో రోజు పొద్దున్నే సంచీ సర్దుకుంది. పొరుగావిడ ఫోన్ చేసి పిల్లి తినడంలేదని చెప్పింది మరి. గుమ్మం దగ్గర అక్క ఒక్కటే అడిగింది, "నీకు నేనెక్కువా, పిల్లి ఎక్కువా?" అని. మిషనమ్మ సంచీ భుజాన వేసుకుంది. బస్సు వేళైందంది. ఆ తర్వాత అక్క ఫోన్లు తగ్గాయి. చేసినా వంటేమిటి, వానలున్నాయా అన్నంతవరకే.

ఆ అక్కే ఓ మధ్యాహ్నం ఫోన్ చేసింది. మోకాలు పూర్తిగా అరిగిపోయిందట, కొత్తది వేస్తారట, వచ్చే వారమే ఆపరేషన్. ఇంటికొచ్చాక ఓ పది రోజులు పక్కన మనిషి ఉండాలన్నారట.

"రాగలవా? రాలేకపోతే మొహమాటం లేకుండా చెప్పు, డబ్బిచ్చి ఎవర్నైనా పెట్టుకుంటా" అంది అక్క.

మిషనమ్మ నోట్లోంచి 'చూ' దాకా వచ్చింది. అక్కడే పళ్ళు బిగబట్టి ఆపేసింది. ఇప్పుడు గానీ ఆ మాట పూర్తిచేస్తే అక్క ఇంకెప్పుడూ అడగదని ఆమెకు తెలుసు. "వస్తున్నా" అంది. ఫోన్ పెట్టేసి కిందికి చూస్తే బొత్తాం పెడలు పక్కన పడుకుని నిద్రపోతోంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఏమిటో ఆ క్షణాన ఆమెను అడగాలి.

ముందు పిల్లుల్ని ఉంచుకునే చోటొకటి ఉందని విని అక్కడికి వెళ్ళింది. అద్దాల తలుపులు, చల్లటి గది, పిల్లి బొమ్మ వేసిన చొక్కా తొడుక్కున్న అమ్మాయి. రోజుకింత అంది. అది విని మిషనమ్మ మనసులోనే ఆ డబ్బును తన కుట్టుపనిలోకి మార్చి లెక్కగట్టింది. రోజుకు అన్ని ప్యాంట్ల అంచులు! ముసలి పిల్లయితే దానికి వేరే రేటట. వేళకు మందు వేస్తే వేరే, ఒళ్ళు దువ్వితే వేరే, ఫోటో తీసి పంపితే వేరే. ఆ డబ్బుతో మనిషే ఓ మంచి హోటల్లో కాలు మీద కాలేసుకుని పది రోజులుండొచ్చు. అయినా సరే, మోటారు మిషను కొనడానికి దాచుకున్నది తీసి కట్టేద్దామనే అనుకుంది. అక్క ముందు మోటారెంత? కానీ లోపలికి తీసుకెళ్ళి చూపించారు. గదులు శుభ్రంగానే ఉన్నాయి. ఒక్కో గదిలో ఒక్కో పిల్లి, ముందు నిండు గిన్నె. కొన్ని తింటున్నాయి. ఓ మూల గదిలో ఓ ముసలి పిల్లి మాత్రం గిన్నెకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూశాక మిషనమ్మ ఇక అక్కడ ఉండలేకపోయింది.

ఇంటికే వచ్చి చూసి వెళ్ళే అమ్మాయి ఒకరున్నారన్నారు. ఆ అమ్మాయికి ఆ వారమంతా వేరేవాళ్ళ కుక్కలున్నాయి. ఎదురింటి ఆవిడ పాపం ఒప్పుకునేదే, కానీ వాళ్ళాయనకు పిల్లి బొచ్చు తగిలితే తుమ్ములు ఆగవు. పై వాటా టీచరమ్మ, తాళాలంటే తనకు భయమంది. ఆపరేషన్ దగ్గరపడుతున్న కొద్దీ మిషనమ్మ కాలుకాలిన పిల్లిలా ఆ మేడంతా తిరిగింది. ఒక్క వాటా తలుపు మాత్రం తట్టలేదు. అది సరిగ్గా ఆమె కింద ఉన్న వాటా.

అందులో ఉండేది ప్రెస్సాయన. పేరుకు తగ్గట్టే అచ్చు ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి. ఎంగిలి చేత్తో కాకిని తోలడని, పిల్లికి బిచ్చం పెట్టడని వీధిలో వాడుక. జీవితమంతా యంత్రాల రొదలో ఉండి చెవుల్లో హోరు మిగిలిందని, చివరి రోజులు కాస్త నిశ్శబ్దంగా గడుపుదామని ఆ వాటా కొనుక్కున్నాడు. కొన్న మర్నాడే నెత్తిమీద కుట్టుమిషను మొదలైంది. పాపం, ఆయన కడుపుమంటకూ అర్థముంది. అప్పట్నుంచీ ఆయన చేతికర్రతో పైకప్పును టక్ టక్ టక్‌మని పొడవడం, ఆమె కాసేపు ఆపి మళ్ళీ తొక్కడం, ఇదీ వాళ్ళ పరిచయం. మిషను కింద పాత బొంత పరిచింది, పొద్దుగూకాక తొక్కడం మానేసింది. అయినా కర్ర ఆగలేదు. మెట్ల మీద ఎదురైతే ఆయన గోడవైపు చూసేవాడు, ఆమె చేతిసంచీలోకి చూసేది.

ఓ సాయంత్రం తలుపు చప్పుడైతే తీసింది. ఎదురుగా ప్రెస్సాయన, చేతిలో అదే కర్ర. మిషను మీద కూడా లేను, ఇప్పుడేమిటి గొడవ అనుకుంది.

"ఊరెళ్తున్నారట" అన్నాడాయన.

అవునంది.

"ఎన్నాళ్ళు?"

"పది రోజులు."

"పది రోజులూ మిషను ఆగుతుందా?"

"నేను లేకుండా అదెలా ఆడుతుందండీ?"

ఆయన గడప దాటకుండానే లోపలికి తొంగి చూశాడు. మిషనును చూశాడు, దాని కింద పిల్లిని చూశాడు. "తాళంచెవి ఇవ్వండి. పిల్లిని నేను చూస్తా" అన్నాడు. ఎంతివ్వాలని ఆమె అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకు పది రోజులు ఆ చప్పుడు లేకుండా నిశ్శబ్దం. అదే నా కూలి."

బేరం కుదిరింది. ఏం పెట్టాలో, ఎక్కడ పెట్టాలో చెప్పింది. రాసివ్వనా అంటే, నాకేమైనా మతిమరుపా అన్నాడు. మాటంటే మాటే అనే మనిషి కదా మిషనమ్మ, వెళ్ళేముందు మిషను తల లోపలికి మడిచేసింది, తోలుబెల్టు తీసి చుట్టచుట్టి సొరుగులో పెట్టింది, పైన దుప్పటి కప్పింది. పొరపాటున ఎవరి కాలు తగిలినా చప్పుడు రాకూడదని ఆమె ఉద్దేశం. ఇచ్చిన మాటకు మించి నిశ్శబ్దం ఇచ్చి బస్సెక్కింది.

ఆమె చేరేసరికే అక్క ఆపరేషన్ సవ్యంగా జరిగిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి, మంచం పక్కన బల్ల జరిపి, మంచినీళ్ళు, మందులు చేతికందేట్టు సర్దింది. అక్కకు నొప్పి. నొప్పిలో కూడా పనులు ఒక్కొక్కటే అడగడానికి మొహమాటపడుతోంది. కన్నతల్లిలా పెంచిన మనిషి తన దగ్గర మొహమాటపడుతుంటే మిషనమ్మకు గుండె కలుక్కుమంది. ఇదంతా తాను చేసుకున్నదేనని ఆమెకు తెలుసు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. మొదటిరోజు ప్రెస్సాయన, పిల్లి తినలేదు, కొత్త కదా అన్నాడు. రెండోరోజు, వాసన చూసి మంచం కిందికి పోయిందన్నాడు. ఆయన మాత్రం ఏం తక్కువ చేయలేదు. గిన్నె కడిగి, అన్నం కలిపి, చెప్పిన చోటే పెట్టి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని గంటలు గంటలు దాన్నే చూస్తున్నాడట. ఆ తర్వాతి సాయంత్రం ఫోన్ చేసి, పశువుల డాక్టర్ని అడిగానని చెప్పాడు. ముసలి పిల్లి ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే కాలేయం పాడవుతుందని, తర్వాత తిన్నా లాభముండదని అన్నాడట. చెప్తుంటే ఆ ముసలాయన గొంతు కూడా బాగాలేదు.

మిషనమ్మ మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది. మంచం కిందినుంచి సంచీ లాగింది. ఒక చీర పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. జిప్పు చప్పుడు విని అక్క ఇటు తిరిగింది. ఆ పాత ప్రశ్న అడుగుతుందని మిషనమ్మ ఎదురుచూసింది. అడిగి తిట్టినా బాగుండేది.

"మంచినీళ్ళ కూజా కాస్త దగ్గరికి జరిపి వెళ్ళు" అంది అక్క. అని గోడవైపు తిరిగింది.

ఆ వీపు చూసేసరికి మిషనమ్మ సంచీ అక్కడే వదిలేసింది. గదిలో వేరే కుర్చీ లేదు. కిటికీ పక్కన అక్క పాత మిషను ముందు ముక్కాలిపీట ఉంటే దాని మీద కూలబడింది. ఆ పీట మీద కూర్చునే ఆమె మొదటి కుట్టు నేర్చుకుంది. కళ్ళు తుడుచుకుని, బయల్దేరుతున్నానని చెబుదామని ప్రెస్సాయనకు ఫోన్ కలిపింది. ఫోన్ను మిషను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. ఆయన ఎత్తాడు. ఆమె వాటాలోనే, బొత్తాం దగ్గరే ఉన్నానన్నాడు. ఆమె మాట్లాడబోయి ఏడ్చేసింది.

ఏడుస్తూ ఏం చేస్తోందో ఆమెకు తెలియదు. దర్జీకి పీట కిందుంటే కాలు పెడలు మీదికే పోతుంది, అది ఆమె చేతిలో లేదు. కాలు పోయింది, చెయ్యి చక్రాన్ని తిప్పింది, మిషను నడిచింది. గుడ్డా లేదు, దారమూ లేదు. మనసు బాగాలేనప్పుడు ఒట్టి మిషను తొక్కడం ఆమెకు చిన్నప్పటి అలవాటు.

"ఆగండాగండి, ఏం చేశారు?" అన్నాడు ప్రెస్సాయన ఫోన్లో. "పిల్లి బయటికొచ్చింది."

ఆమె భయపడి కాలు తీసేసింది.

"ఆపకండి, మళ్ళీ చేయండి. అదిగో, మీ మిషను దగ్గరికెళ్ళింది. దుప్పటి కింద దూరి అరుస్తోంది."

మిషనమ్మకు ఏమీ అర్థం కాలేదు. తొక్కుతూనే ఉంది. అర్థమైంది అక్కకు. ఎప్పుడు ఇటు తిరిగిందో, మోచేతి మీద లేచి కూర్చోబోతోంది.

"ఏమే, దానికి తిండి ఎప్పుడు పెడతావు?"

"మిషను మీద కూర్చునేటప్పుడు."

"చిన్నప్పట్నుంచీనా?"

"ఆఁ."

"అయితే అది ఎదురుచూసేది నీకోసం కాదే పిచ్చిమొద్దూ. మిషను కోసం. మిషను నడుస్తుంటే నీ కళ్ళు సూది మీదుంటాయి, దాన్నెవరూ చూడరు. అప్పుడే ధైర్యంగా తింటుంది. మీరేమో చుట్టూ కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నారు."

చెప్పొద్దూ, ఆ మాటకు మిషనమ్మ మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ 'నేను లేకపోతే' అని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట మీదే సినిమాలు మానేసింది, బావ పోయిన ఇంట్లోంచి లేచొచ్చేసింది, అక్కను పోగొట్టుకున్నంత పని చేసుకుంది. తీరా చూస్తే ఆ ప్రేమ సగం ఇనుముదీ, తోలుబెల్టుదీ. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఎప్పుడూ ఎరగని తేలిక ఒకటి వచ్చింది. తాను లేకపోయినా తింటుందన్నమాట. బతుకుతుందన్నమాట.

కానీ ఫోన్లో వచ్చే చప్పుడుకు బొత్తాం గిన్నె ముట్టలేదు. తన మిషను కదలందే అది నమ్మేట్టు లేదు. ఎవరో ఒకరు అక్కడ కూర్చుని తొక్కాలి. అక్కడున్నది ఒక్కడే. ఆ చప్పుడు వినకుండా ఉండడమే కూలిగా మాట్లాడుకున్న మనిషి. ఆయన్ని ఆ మాట అడగడానికి మిషనమ్మకు నోరు రాలేదు. 

చివరికి అక్కే అడిగింది. "అన్నయ్యగారూ, నేను వాళ్ళక్కని. మీరే తొక్కాలండీ."

"నేనా" అన్నాడాయన. ఒక నిట్టూర్పు వినబడింది. "కుర్రతనంలో కాలితో తొక్కే అచ్చుయంత్రం మీద పనిచేశానమ్మా. మళ్ళీ పెడలు మీద కాలు పెట్టనని ఒట్టేసుకున్నా." కుర్చీ జరిగిన చప్పుడైంది. "బెల్టెక్కడ పెట్టారు?"

"సొరుగులో, బాబాయిగారూ" అంది మిషనమ్మ. అన్నేళ్ళుగా 'ఏమండీ' దాటని పిలుపు ఆ గాభరాలో ఎప్పుడు మారిందో ఇద్దరూ గమనించలేదు.

దుప్పటి తీసి, మడిచిన మిషను తల పైకెత్తి, బెల్టును ముందు పై చక్రానికి తగిలించమంది. కింద పెద్ద చక్రం గాడి అంచున ఆనించి చేత్తో తిప్పితే అదే ఎక్కుతుందంది. ఎక్కింది. మొదట తొక్కితే మిషను వెనక్కి తిరిగింది. పై చక్రాన్ని చేత్తో తనవైపు తిప్పి అప్పుడు తొక్కమంది. ఓసారి ఆగింది, ఓసారి కీచుమంది, ఆ తర్వాత అందుకుంది. అచ్చుయంత్రం నేర్పిన కాలు కదా, లయ మరిచిపోలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోను మీదికి వంగి ఊపిరి బిగబట్టి విన్నారు.

"కిందికి చూడకండి బాబాయిగారూ."

"మరి తింటోందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. తొక్కండంతే."

ఆయన తొక్కాడు. ఇస్త్రీ బల్లవైపు చూస్తూ, తిట్టుకుంటూ తొక్కాడు. ఆ చప్పుడు అలా సాగుతూనే ఉంది, సాగుతూనే ఉంది. అప్పుడు దాని అడుగున ఇంకో చిన్న చప్పుడు వినబడింది. నేల మీద గిన్నె జరుగుతున్న చప్పుడు. బొత్తాం తినేటప్పుడు గిన్నెను ముందుకు నెట్టుకుంటూ తింటుంది. మిషనమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. ఈసారి ఏడ్చింది అక్క.

మిషనమ్మ సంచీలోంచి చీర తీసి మళ్ళీ దండెం మీద వేసింది. ఆ తర్వాత అక్క ఆమెను పనులడగడానికి మొహమాటపడలేదు. పైపెచ్చు, టీలో చక్కెర ఎక్కువైందని, దుప్పటి సరిగ్గా మడవలేదని చిన్నప్పటిలాగే సాధించింది. ఇద్దరూ కలిసి గోడ పట్టుకుని మొదటి అడుగులు వేశారు. పది రోజులనుకున్నది ఇంకొంచెం సాగినా మిషనమ్మకు గాభరా కలగలేదు. అక్కడ ప్రెస్సాయన పూటపూటా తొక్కుతున్నాడు. మిషను చప్పుడు విని ఆవిడ వచ్చేసిందనుకుని జనం రావడం మొదలుపెట్టారట. ఒకాయన ప్యాంటు చేతిలో పెట్టి, అంగుళం తగ్గించమని, ఎంతవుతుందని అడిగాడట. ఇది చెబుతున్నప్పుడు ప్రెస్సాయన గొంతులో కోపం కోసం మిషనమ్మ వెతికింది, దొరకలేదు.

ఇల్లు చేరిన సాయంత్రం ఆమె డబ్బు కవరొకటి పట్టుకుని కిందికి వెళ్ళింది. ఆయన కవరు వంక కూడా చూడలేదు.

"మన ఒప్పందం నిశ్శబ్దం. అది నాకు ముట్టలేదు" అన్నాడు.

నిజమే. ఆమె కాసేపు ఆలోచించింది. అక్కను డాక్టరు వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాడని, అప్పుడు తాను వెళ్తే ఆ బాకీ తీరుతుందని అంది.

"ఎలా తీరుతుందమ్మా? అప్పుడూ తొక్కేది నేనేగా" అన్నాడు ప్రెస్సాయన. అని నవ్వాడు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో ఆ మేడలో అంతవరకూ ఎవరికీ తెలియదు.

మర్నాడు మిషనమ్మ బడలికతో ఆలస్యంగా లేచింది. టీ పెట్టుకుంటూ అక్కకు ఫోన్ చేసింది. నడక ఎలా ఉందో, నొప్పి ఎలా ఉందో అయ్యాక, అక్క ఏమీ ఎరగనట్టు, "మళ్ళీ ఎప్పుడొస్తావే?" అంది.

చూద్దాంలే అన్న మాట అలవాటుగా గొంతు దాకా వచ్చింది. మిషనమ్మ దాన్ని మింగేసింది. "డాక్టరు రమ్మన్న రోజుకు ముందురోజే వచ్చేస్తా" అంది. 

అప్పుడు కిందనుంచి కర్ర చప్పుడు. టక్, టక్, టక్. మిషనమ్మ ఉలిక్కిపడి మిషను వంక చూసింది. దాని దుప్పటి దాని మీదే ఉంది. నేనేం చేశానని ఈయన పొడుస్తున్నాడనుకుంది. కర్ర మళ్ళీ చప్పుడు చేసింది. అప్పుడు కనబడింది, మిషను కింద ఖాళీ గిన్నె ముందు బొత్తాం కూర్చుని ఉంది.

"ఏంటే ఆ చప్పుడు?" అంది అక్క.

"కింద బాబాయిగారు. బొత్తాం తిండివేళ దాటిపోయింది, మిషను తొక్కమంటున్నారు."

అక్క పకపకా నవ్వింది. "తొక్కు మరి. ఫోను పక్కన పెట్టుకుని తొక్కు, నేనూ వింటా."

మిషనమ్మ అన్నంలో చేప ముక్కలు కలిపి గిన్నెను పెడలు పక్కకు జరిపింది. ఫోను ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. దుప్పటి తీసి పీట మీద కూర్చుని, కిందికి చూడకుండా తొక్కడం మొదలుపెట్టింది.